ఏ మాట నమ్మి ఇచ్చిన్రు?

టేబుల్ సొరుగులో ఫోను టింగుమంది. కక్షిదారులు ఇంకా రాని పొద్దుటి పూట, ఫ్యాను చప్పుడు తప్ప మరేమీ లేని ఆఫీసులో ఉలిక్కిపడ్డాను. అది రుక్మిణి మేడమ్ ఫోను. ఆవిడ పోయి ఏడాది కావస్తున్నా పాత కక్షిదారులు ఆ నంబరుకే చేస్తారని, ఆవిడ కొడుకు దాన్ని నా దగ్గరే ఉంచాడు. సొరుగు లాగగానే లవంగాల వాసన. తెర మీద ఒక సందేశం: "రుక్మిణి గారూ, మా యాప్‌లో మీ మొదటి ఆర్డరు ఉచితం. ఈ రోజే ఆఖరు." ఇలాంటివి అందరికీ వస్తాయి, చూసి చెరిపేస్తారు. నాకు మాత్రం వెంటనే చెరపడానికి చెయ్యి రాలేదు.

లా పూర్తయ్యాక నేను జూనియర్‌గా చేరింది ఆవిడ దగ్గరే. రాంగోపాల్‌పేట్‌లో కుళాయిలు, పైపులు అమ్మే దుకాణం పైన ఈ ఆఫీసు. మేడమ్ పంటి నొప్పికి డాక్టరు దగ్గరకు వెళ్లకుండా ఎప్పుడూ బుగ్గన ఒక లవంగం పెట్టుకునేవారు. కోర్టులో వాయిదా అంటే మండిపడే మనిషి, తన పన్ను విషయంలో మాత్రం వాయిదాల మీద వాయిదాలు వేసేవారు. ఏ కాగితం వచ్చినా జూనియర్ నిలబడి, గట్టిగా, మొదటి నుంచి చివరిదాకా చదవాలన్నది ఆవిడ పద్ధతి. "కూసోని చదివితే కండ్లు సగం వాక్యాలు దుంకుతయ్," అనేవారు. అసలే నాకు భయం ఎక్కువ. గొంతు వణికిన చోటల్లా ఆపి మళ్లీ చదివించేవారు. మొదట్లో మెట్లు దిగుతూ ఏడ్చేదాన్ని.

ఆ రోజుల్లోనే మా సుజాతక్క ప్రభుత్వ బడిలో టీచరుగా ఎంపికైంది. మల్కాజ్‌గిరి ప్రైవేటు బళ్లలో ఏళ్ల తరబడి గొంతు అరగదీసుకున్న మనిషి. పోలీసు వెరిఫికేషన్ ఒక్కటే మిగిలింది. సరిగ్గా అప్పుడే, ఒక మధ్యాహ్నం, చెమటతో తడిసిపోయి ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. చేతిలో ఫోను, అందులో ఒక సరుకుల యాప్ కంపెనీ పంపిన మెయిల్. ఒకే వ్యక్తి దొంగ ఖాతాలు తెరిచి ఆఫరును దుర్వినియోగం చేశారనీ, వారంలోగా సమాధానం రాకపోతే సైబర్ పోలీసులకు ఫిర్యాదు చేస్తామనీ ఉంది.

"కేసు పడితే నా ఉద్యోగం పోయినట్టేనే, నిర్మలా," అంది. "మీ బావకు ఇంకా చెప్పలేదు."

మా చర్చిలో ఏటా ప్రేమ విందు పెడతారు. స్త్రీల సమాజం వాళ్లు తలా కొంత సరుకు తెస్తారు. ఆ ఏడు ఈ యాప్, కొత్తగా చేరినవాళ్లకు మొదటి ఆర్డరు ఉచితమని ప్రకటించింది. అక్కకు ఉపాయం తట్టింది. ఆరాధన అయ్యాక ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి, ఎవరి ఫోనులో వాళ్లకు యాప్ వేయించి, ఒకరి చేత నూనె, ఒకరి చేత పప్పు తెప్పించింది. వంట చర్చి ఆవరణలోనే కదా అని అందరూ చర్చి చిరునామాయే ఇచ్చారు. వచ్చిన సరుకంతా దించుకున్నది అక్కే కావడంతో, కంపెనీకి అదంతా ఒకే మనిషి ఆడిన నాటకంలా కనిపించింది.

"ఏందమ్మా, గింత పరేషాన్ అయితున్నవ్? జెర నీళ్లు తాగు," అని మేడమ్ అక్కకు గ్లాసు అందించి, నా వైపు తిరిగారు. "ఆఫర్ షరతులు తీయ్. నిలబడి చదువు."

చదివాను. ఒక మనిషికి ఒక్కసారే. ఖాతా ఆ మనిషే తెరవాలి. తప్పుడు వివరాలు ఇవ్వకూడదు. ఒక చిరునామాకు ఒకటే అన్న మాట ఎక్కడా లేదు. మేడమ్ మళ్లీ చదివించారు. అప్పుడూ లేదు.

"వాళ్లు రాసుకోలే. సందు దొరికింది, మీరు వాడుకున్నరు. అది నేరం కాదు బిడ్డా. నచ్చకుంటే వాళ్లు ఖాతాలు మూసేస్తరు, ఆఫర్ బంద్ చేస్తరు. మోసం అనాల్నంటే అబద్ధం ఉండాలె. ఇగ ఒక్కొక్క ఆర్డర్ చూద్దాం. మీరు చెప్పిన ఏ మాట నమ్మి వాళ్లు ఇచ్చిన్రు?"

అక్క ఒక్కొక్కరి పేరే చెబుతూ పోయింది. అందరూ నిజంగా కొత్తవాళ్లే, ఎవరి పేరుతో వాళ్లే తీసుకున్నారు. నా గుండె కాస్త కుదుటపడింది. బియ్యం దగ్గరకొచ్చేసరికి అక్క ఆగిపోయింది.

"మార్తమ్మ గారు," అంది నెమ్మదిగా.

మార్తమ్మ గారు ఆ వేసవిలోనే చనిపోయారు. ఏటా విందుకు బియ్యం ఆవిడవే. "అమ్మ వంతు కూడా ఉండనీ అక్కా," అని కూతురు ఆవిడ ఫోను తెచ్చి చేతిలో పెడితే, అక్క ఆవిడ పేరుతోనే ఖాతా తెరిచింది.

"బియ్యం కోసం కాదండీ. ఆవిడ లేకుండా విందేంటి అనిపించింది," అంటూ కళ్లు తుడుచుకుంది.

మేడమ్ నోట్లో లవంగం ఒక బుగ్గ నుంచి రెండో బుగ్గకు మారింది. "మీ ప్రేమ నిజమే. కానీ వాళ్లు ఇచ్చింది ఆమె బతికున్నదని నమ్మి. గిదొక్కటి అబద్ధం. జవాబుల గిది సుత రాద్దాం."

నేను అడ్డుపడ్డాను. "మేడమ్, వద్దు. అది వాళ్లు కనిపెట్టనే లేదు. మన చేత్తో మనమే సాక్ష్యం ఇస్తామా?"

"దాస్తే, అది బయటపడ్డ నాడు మిగిలిన అందరి నిజం సుత అబద్ధమే అయితది. అప్పుడు నేను ఏం చేస్త?" అని కసిరి, అక్క వైపు తిరిగారు. "ఉద్యోగం నీది బిడ్డా. నువ్వు వద్దంటే రాయను."

అక్క గ్లాసులో మిగిలిన నీళ్లు తాగేసింది. "రాయండి," అంది.

మిగతావాళ్ల తరఫున క్షమాపణ అడగకుండా, మార్తమ్మ గారి ఖాతా సంగతి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పి, ఆ బియ్యం ఖరీదు కట్టేస్తామని రాయించారు. టైపు చేసింది నేనే. తర్వాతి రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. వెరిఫికేషన్‌కు కానిస్టేబుల్ వస్తే, అక్క బాత్రూంలోకి వెళ్లి గొంతు తగ్గించి నాకు ఫోను చేసింది. "ఏమైనా కేసులున్నాయా అని అడుగుతున్నాడే, ఏం చెప్పను?" లేవని చెప్పమన్నాను. అప్పటికైతే లేవు. ఆ రోజుల్లో మేడమ్ అంటే నాకు ఒళ్లు మంట. మా అక్క బతుకుతో తన నీతిని పరీక్షించుకుంటున్నారనుకున్నాను. కానీ రోజూ పొద్దున చెప్పులు విప్పకముందే, "వచ్చిందా?" అని అడిగేవారు. లవంగాల డబ్బా తొందరగా ఖాళీ అయ్యేది. ఒకరోజు నా ముఖం చూసి, "నాకు భయం లేదనుకున్నవా?" అన్నారు. ఆ మాటతో నా కోపం సగం దిగిపోయింది.

చివరికి జవాబు వచ్చింది. మార్తమ్మ గారి ఖాతా మూసేశామనీ, మిగిలినవాటి మీద చర్య ఏమీ లేదనీ రెండే వాక్యాలు. మేడమ్ దాన్ని కూడా నన్ను నిలబెట్టే చదివించారు. గొంతు వణికింది, ఈసారి ఆపలేదు. అక్క ఇప్పుడు మౌలాలి బడిలో పాఠాలు చెబుతోంది. ఆ తర్వాత ఏటా మేడమ్ మా విందుకు వచ్చి, చివరి వరుసలో కూర్చుని, రెండోసారి సాంబారు అడిగి మరీ వేయించుకునేవారు.

ఇప్పుడు ఇలాంటి ఆఫర్ల గొడవలతో నా దగ్గరకూ మనుషులొస్తున్నారు. నేనూ నిలబడే చదువుతాను, ఆవిడ ప్రశ్నే అడుగుతాను. భయం మాత్రం పోలేదు. ఈ పొద్దున ఆవిడ ఫోను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. వచ్చే ఆదివారమే ప్రేమ విందు. ఆవిడ పేరుతో ఒక పప్పు పొట్లం తెప్పిస్తే, అది ఆవిడ వంతు. వేలు తెర దాకా వెళ్లింది. ఏ మాట నమ్మి ఇస్తున్నరు? ఆవిడ బతికే ఉన్నారన్న మాట నమ్మి. ఆ మాట ఎవరో ఒకరు నమ్మితే బాగుండునని ఎంత అనిపించిందో చెప్పలేను. ఆనాడు అక్క ఎందుకలా చేసిందో అప్పుడు పూర్తిగా అర్థమైంది. సందేశం చెరిపేశాను. బ్యాటరీ అయిపోవస్తోందని, ఫోను మాత్రం ఛార్జింగ్‌లో పెట్టాను.