చేప కోసం పెంచిన పాచి

పెళ్ళప్పుడు మా ఆయన నాకు చెప్పకుండా దాచిన సంగతి ఒక్కటే, ఆయనకు ఉప్పునీళ్ళ చేపల పిచ్చి ఉందని. మంచినీళ్ళ చేపలైతే సర్దుకుపోయేదాన్ని. తాగే నీళ్ళకే ట్యాంకరు కోసం వాకిట్లో నిలబడే, ఊరి శివారు కాడుగోడిలో, ఎక్కడో ఉన్న సముద్రాన్ని తెచ్చి హాల్లో పెట్టుకుంటానంటే ఏమనాలి? రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. ఊరంతా కంప్యూటర్ల వెంట పడుతుంటే, ఈయన బకెట్లో ఉప్పు కలుపుతూ కూర్చునేవారు.

పెద్ద తొట్టి కుదిరాక ఒకరోజు మాండరిన్ అనే చేపను తెచ్చారు. వేలెడంత ప్రాణి. నీలం మీద నారింజ చారలు, పట్టుచీర అంచులాగా. నాకే ముచ్చటేసింది. తెచ్చాక తెలిసింది, అది దుకాణంలో దొరికే మేత ముట్టదని. రాళ్ళ మీద పాకే నలుసంత పురుగుల్ని బతికుండగానే ఏరుకుని తింటుందట. ఉన్న పురుగుల్ని ఊడ్చేసి, ఆ తర్వాత చిక్కిపోవడం మొదలుపెట్టింది. సామెతలో కొడుకు పుట్టకముందే పేరు పెడతారు. మా ఇంట్లో కొడుకు వచ్చేశాడు, పాలకే దారి లేదు.

ఆ పురుగులు పెరగాలంటే చేపలు రాని చోటు కావాలి. తొట్టి కింది అలమరలో ఇంకో గాజుపెట్టె పెడతానన్నారు. దాన్ని సంపు అంటారు. పైనుంచి పొర్లిన నీళ్ళు గొట్టంలో దాంట్లోకి దిగుతాయి. అందులో మూడు గదులు. మొదటి గదిలో మురికి ఆగుతుంది. చివరి గదిలోని పంపు నీళ్ళను మళ్ళీ పైకి తోస్తుంది. నడిమి గదిలో ఇసుక, రాళ్ళు, చిక్కుపడ్డ ఊలుదారంలాంటి సముద్రపు పాచి, దాని మీద ఒక చిన్న లైటు. ఆ గది పేరు రెఫ్యూజియం, అంటే శరణాలయమట. పురుగులు అక్కడ నిర్భయంగా పిల్లల్ని పెడితే, కొన్ని నీళ్ళతోపాటు పైకి పోయి చేప నోట్లో పడతాయి. దీన్ని శరణాలయం అంటారా, హోటలు అంటారా అని అడిగాను. ఆయన పెన్సిలు చెక్కుకోవడం మొదలుపెట్టారు.

ఆయన ఉద్యోగం ఎలక్ట్రానిక్ సిటీలో, యంత్రాల బొమ్మలు గీయడం. అందుకని ఇంట్లో కూడా గీశారు. గదుల మధ్య గోడ ఒక వేలు పెంచి ఒక బొమ్మ, తగ్గించి ఇంకో బొమ్మ. కరెంటు పోతే పంపు ఆగి పైనీళ్ళు కొన్ని కిందికి దిగుతాయి, వాటికి సంపులో చోటు మిగలాలి, లేకపోతే హాలంతా చెరువేనని వాదన. వాదన సరైనదే. కానీ చేప డొక్కలు లోపలికి పోతున్నాయి. చివరికి నాకు ఒళ్ళు మండింది. "అది కాగితం మీది గీతలు తిని బతుకుతుందా?" అని కేకలేశాను. ఆ ఆదివారమే గాజు కోయించి, గమ్ము పెట్టి అతికించారు. పాచిని యలహంకలో ఇదే పిచ్చి ఉన్న ఇంకొకాయన దగ్గర అడిగి తెచ్చాం. ప్లాస్టిక్ కవరును ఒళ్ళో పెట్టుకుని ఊరికి ఆ చివరినుంచి ఈ చివరికి బస్సులో వచ్చింది నేనే.

పాచి గుబురుగా పెరిగింది. గాజు మీద తెల్లటి నలుసులు పాకడం కనిపించింది. సరిగ్గా అప్పుడే హిందూపురం నుంచి మా అత్తగారు వచ్చారు. పాచి కనిపిస్తే ఆమె చేయి ఊరుకోదు. ఇంట్లో తొట్టి గానీ బిందె గానీ జిగురు పట్టడం ఆమె దృష్టిలో ఆ ఇంటి ఇల్లాలికే తలవంపు.

ఒకరోజు మేమిద్దరం సాయంత్రం ఆఫీసుల నుంచి ఇంటికి వచ్చేసరికి సంపు నడిమి గది అద్దంలా మెరుస్తోంది. రాళ్ళు కూడా తెల్లగా ఉన్నాయి.

"కరెంటు పోయిందప్పా. నువ్వు చెప్పినట్ల నీళ్ళు పొర్లుతాయేమో అని తలుపు తీసి చూస్తి. ఎంత పాచి పట్టుండాది! పాపం, మీకు ఉద్యోగాలతో యాడ తీరుతాది? పంపు స్విచ్చి తీసేసి, పీచు పెట్టి తోమేస్తి," అన్నారు అత్తగారు.

మా ఆయన వంగి ఆ గాజును తడిమి చూశారు. "సరేలేమ్మా," అన్నారు. కన్నతల్లిని ఏమీ అనలేని మనిషి. నేను ఉండబట్టలేకపోయాను. "అత్తా, అది మురికి కాదు. చేప తినే పురుగులు ఆ పాచిలోనే ఉంటాయి," అన్నాను.

ఆమె చేపను చూశారు. "అంటే దాని కూడు నేను తోమేస్తినా?" అంటూ చప్పున కూలబడ్డారు. నాకు జాలేసింది.

"నీళ్ళెక్కడ పోశావమ్మా?" అని మా ఆయన మెల్లగా అడిగారు.

"పోసేదేంది? మా తట్టు నీళ్ళు పారబోసేవాళ్ళు ఉండారా? బాత్రూము కడిగేదానికి పనికొస్తాయని బకెట్లో పెట్నా. పాచి గూడా అందులోనే ఉండాది."

మా ఆయన బకెట్ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేశారు. నీళ్ళల్లో నలుసులు గిలగిలా ఈదుతున్నాయి. ఆయన గట్టిగా నవ్వారు. ఆ బకెట్‌ను ఆమె చేతనే సంపులో పోయించారు.

ఆ తర్వాత అత్తగారు ఊరి మాటే ఎత్తలేదు. పొద్దున లేస్తే చేప ముందు పీట వేసుకుని దాని డొక్క చూసేవారు. ఒకరోజు నన్ను వంటింట్లోంచి చేయి పట్టి లాక్కొచ్చారు. "ఈ పక్కనుంచి చూడమ్మా. కడుపు నిండుండాది." నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆ సాయంత్రమే సంచి సర్దుకున్నారు. ఇంకొన్నాళ్ళు ఉండమని బతిమాలాను. ఈసారి మనస్ఫూర్తిగానే.

"వద్దమ్మా," అన్నారు, అలమర తలుపు వైపు చూడకుండా. "పాచి మళ్ళా గుబురుగా వచ్చుండాది. ఇంకొక దినం ఉంటే తోమేస్తా."