అక్క తొడుక్కున్న బనియన్

అక్క గుండెకు ఆపరేషన్ అయ్యాక దవాఖానవాళ్లు ఆమెకొక బనియన్ ఇచ్చారు. చూడ్డానికి మామూలుదే. గుండె కొట్టుకోవడాన్ని పసిగట్టే సన్నటి తీగలను దారాలతో కలిపి నేశారట. ఛాతీ దగ్గర గుండీ అంత పెట్టె ఒకటి ఆ సంగతులను ఎప్పటికప్పుడు డాక్టర్లకు చేరవేస్తుంది. ఇంటివాళ్లలో ఒకరు కూడా ఫోన్‌లో చూసుకోవచ్చన్నారు. ఇటిక్యాల దగ్గరి పల్లెలో ఉండే అక్కకు, బావకు ఉన్నవి చిన్న ఫోన్లే. అందుకని గద్వాలలో టీచరుగా పనిచేసే నా ఫోన్‌కు కలిపారు.

బడిలో ఇంటర్‌బెల్ కాగానే ఫోన్ తీసి అక్క గుండెను చూసుకునేదాన్ని. పగలంతా ఫోన్ తెర మీద గుండె గీత నెమ్మదిగా సాగేది. పొద్దుగూకే వేళకు మాత్రం రోజూ ఎగిసిపడేది. భయమేసి డాక్టరును అడిగాను.

"గుండెలో లోపమేం లేదమ్మా. భయపడినా గట్లనే కొట్టుకుంటది," అన్నాడాయన.

ఆదివారం అక్క దగ్గరికి వెళ్లాను. సాయంత్రం ఇద్దరం వాకిట్లో కూర్చుని పల్లికాయ వలుస్తున్నాం. ఫోన్ నా ఒళ్లో ఉంది. వీధి మలుపులో బావ మోటార్‌సైకిల్ చప్పుడైంది. అక్క తల ఎత్తలేదు, చేతులు ఆపలేదు. గీత మాత్రం లేచింది.

బావ నన్ను నవ్వుతూ పలకరించి స్నానానికి పోయాడు.

"బావ కొడ్తుండా అక్కా?" అని మెల్లగా అడిగాను.

"కొట్టడు. కొడితే నలుగురికి చెప్పుకుందును."

"మరేంది?"

"ఏమని చెప్పాలె? కూరల ఉప్పు కాడ్నుంచి నా నడక దాంక అన్నిటికీ ఒక మాట ఉంటది. గా బండి సప్పుడింటే నాకు గట్లయితది. పెండ్లయిన కాడ్నుంచి గింతే."

"నాతోని రా."

"వచ్చి ఎన్నొద్దులుంట? మల్ల ఈడికే రావాలె గద." అక్క నా ఒళ్లోని ఫోన్ వైపు చూసింది. "గది నీకు గూడ కనబడ్తదా?"

తలూపాను. అక్క వలిచిన పల్లీలు ఎత్తుకుని లోపలికి పోయింది.

మర్నాడు సాయంత్రం ఫోన్‌లో గీత ఆగిపోయింది. వెంటనే అక్కకు ఫోన్ చేశాను. "ఉతికి ఆరేసిన," అంది. ఇక రోజూ అదే. పొద్దున తొడుక్కుంటుంది, బావ వచ్చే వేళకు విప్పేస్తుంది.

దవాఖాన నుంచి ఒకామె నాకు ఫోన్ చేసింది. "సాయంత్రాలు మీ అక్కగారి గుండె సంగతి మాకేం తెలుస్తలేదు. తియ్యొద్దని జర చెప్పండి," అంది. చెప్తానన్నాను. ఆ సాయంత్రమే అక్కకు ఫోన్ చేశాను. వెనక నుంచి బావ గొంతు వినపడుతోంది. ఏం కూర వండావని అడిగి పెట్టేశాను.