తలుపు తట్టి లెక్కపెట్టే మా వదిన

మా వదినది మున్సిపాలిటీలో నోటీసులు పంచే ఉద్యోగం. పద్దెనిమిదేళ్లుగా ఆవిడకొక అలవాటుంది. తలుపు తట్టి, లోలోపల ఒకటి, రెండు అని లెక్కపెడుతుంది. తలుపు తెరిచాక ఆ అంకెను చిన్న పుస్తకంలో ఇంటి నంబరు పక్కన రాసుకుంటుంది. మళ్లీ వెళ్లినప్పుడు ఎంతసేపు ఆగాలో తెలియడానికట! "ఇదేం పిచ్చి వదినా?" అని ఆడపడుచు హోదాలో ఎన్నిసార్లు దెప్పానో. నిమ్మకు నీరెత్తినట్టు నవ్వి ఊరుకుంటుంది. నేను స్నానానికి వెళ్లినా బయట నిలబడి లెక్కపెట్టే మనిషి, ఇంకేం చెప్పను!

మాది కాలువ పక్క వీధి. కిందటేడు కాలువ పొంగి, నీళ్లు చెప్పాపెట్టకుండా ఇళ్లలోకి వచ్చేశాయి. అందుకని ఈ ఏడు మున్సిపాలిటీ ముందే ఒక ప్రణాళిక వేసింది. సైరన్ మోగిన పావుగంటలో అందరూ వీధి చివరికి చేరాలి. అక్కడి బస్సు మెరక మీది బడికి తీసుకెళ్తుంది. పావుగంట దాటితే బస్సు ఆగదు, అది పక్క వీధికి పోవాలి. ఇంటింటికీ ఒక ఫారం కూడా ఇచ్చారు. అందులో ఒకటే ప్రశ్న: మీ ఇంట్లో నడవలేనివారు ఉన్నారా?

మా ఇంటి ఫారం నింపింది నేనే. అన్నయ్య లారీ ఎక్కితే వారానికి గానీ రాడు. "లేరని రాయి," అంది అమ్మ మంచం మీంచి. అమ్మ మోకాళ్లు పోయి మూడేళ్లయింది. గోడ పట్టుకుంటే గానీ వీధి తలుపు దాకా రాలేదు. అయినా ఆవిడ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

"ఎవతే నడవలేనిది? నిన్ను చంకనెత్తుకుని తిరిగింది ఈ కాళ్లే!"

లేరనే రాశాను. తీరా చూస్తే వీధి వీధంతా అదే రాసింది.

ప్లానింగ్ ఆఫీసరు మహా సంతోషపడ్డాడు. వదిన మాత్రం పుస్తకం పట్టుకుని ఆయన గదికి వెళ్లింది.

"మీ ఫారాల్లో అందరూ పరుగెత్తేవాళ్లే సార్. నా పుస్తకంలో ఇరవై మూడిళ్లు వంద దాటితే గానీ తెరుచుకోవు."

"స్నానంలో ఉన్నారేమోనమ్మా."

"పద్దెనిమిదేళ్లూ స్నానమేనా సార్? ప్రణాళిక మీద సంతకం చేసేముందు ఒక్కసారి సైరన్ మోగించి చూడండి. నా లెక్క తప్పయితే ఈ పుస్తకం మీ ముందే చింపేస్తా."

వదిన ఇంటికొచ్చి ఇదంతా చెబితే నాకు భయం వేసింది. "మన ఇంటి అంకె ఎంత?" అన్నాను.

"నూట నలభై. అత్తయ్య తెరిస్తే."

"మరి నేను లేరని రాస్తే ఏమీ అనలేదేం?"

"పెద్దావిడ పరువు నేను తీయనా? ఆవిడే చెప్పాలి."

గురువారం పొద్దున పదింటికి పరీక్షకని సైరన్ మోగింది. "చెయ్యి వేశావంటే ఊరుకోను," అంటూ అమ్మ గోడ పట్టుకుని బయల్దేరింది. నేను వెనకాలే నడిచాను. మూడో ఇల్లు దాటేసరికి అమ్మ చీర చెమటతో తడిసిపోయింది. అప్పుడే వీధి చివర బస్సు కదిలింది. అమ్మ దాన్నే చూస్తూ నిలబడిపోయింది. నిజంగా నీళ్లొస్తే, నేను రాసిన ఆ ఒక్క మాటకి మా అమ్మ ఇక్కడే ఉండిపోయేది.

"ఏవయ్యా ఆఫీసరూ!" అని అరిచింది అమ్మ. వీధి చివర గడియారం చూసుకుంటున్న ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఇటు రా. నా పేరు రాసుకో. నేను నడవలేను."

వీధంతా ఆ మాట విన్నది. ఎదురింటి గడప మీంచి ఒకావిడ, "మా ఆయన పేరు కూడా," అంది. ఆ తర్వాత ఒక్కో తలుపూ నోరు విప్పింది. మధ్యాహ్నానికి ఇంటికొకటి చొప్పున ఇరవై ఆరు పేర్లు తేలాయి.

"నీ లెక్క ఇరవై మూడేగా? మూడు తప్పాయి, పుస్తకం చింపు," అన్నాను వదినతో. మొదటిసారి పకపకా నవ్వింది.

సంతకం వారం ఆగింది. ఆ వారంలో ఆ ఇరవై ఆరిళ్లకీ ఇంటికొక మోసుకెళ్లే కుర్చీ, మోసేవాళ్లిద్దరు ఖాయమయ్యారు. వీళ్లందరూ ఎక్కాకే బస్సు కదలాలని ప్రణాళికలో రాశారు.

రెండు నెలలకి నిజం సైరన్ మోగింది. మిట్టమధ్యాహ్నం, కుండపోత వాన. కుర్చీ మోసేవాళ్లతో వచ్చి వదిన మా తలుపు తట్టింది. వెంటనే తెరుచుకుంది. వాన మొదలైనప్పటి నుంచీ అమ్మ గడప పక్కనే పీట వేసుకుని, ఒళ్లో మూటతో కూర్చునుంది. నన్ను గొళ్లెం ముట్టుకోనివ్వలేదు.

"ఎంతే?" అని అడిగింది అమ్మ.

"రెండు, అత్తయ్యా," అంది వదిన.

"రాసుకో." అమ్మ దర్జాగా కుర్చీలో సర్దుకుంది. "ఇంకా నన్ను చూస్తావేం? పక్కింటాయన తలుపు తట్టు, పో."