ఇది వేరే పాట

మాస్టర్ ఎస్సిల్ఫీని పాటలెన్ని వచ్చని అడిగితే రెండు వందలకు తక్కువుండవంటాడు. విన్నవాళ్ళు మాత్రం ఒక్కటే అంటారు. పెళ్ళికి పిలవండి, చావుకి పిలవండి, బేకరీ ప్రారంభానికి పిలవండి, ఆయన బ్యాండు మేళం వాయించేది ఆ ఒక్క పాటే. ఒకచోట దాన్ని పరుగెత్తిస్తాడు, ఒకచోట పాకిస్తాడు, ఇంకోచోట కవాతు చేయిస్తాడు. వాయించేముందు మాత్రం టోపీ తీసి, గొంతు సవరించుకుని, ప్రతిసారీ ఓ కొత్త పేరు ప్రకటిస్తాడు. "ఇదేంటి మాస్టారూ, ఇందాకటిదే కదా" అని ఎవరైనా అంటే వాళ్ళని జాలిగా చూసి, "కాదు నాయనా, ఇది వేరే పాట" అంటాడు.

దీనివల్ల సముద్రపు ఒడ్డునున్న ఆ అనొమాబో ఊరి జనానికి మతి పోయేది. వీధి చివర మేళం వినపడితే అది పెళ్ళో చావో ఎవరికీ తేలేది కాదు. నల్లబట్ట కట్టుకుని ఏడవడానికి సిద్ధపడి వచ్చిన ముసలమ్మ పెళ్ళివారి కుర్చీలో కూర్చుని, సరే వచ్చాం కదా అని వేయించిన చేపా, పులిసిన మొక్కజొన్నపిండి కెంకీ ముద్దా తిని వెళ్ళేది. బడి కవాతు రోజున మాస్టారు "వీరుల నడక" అని ప్రకటించి మొదలుపెడితే, పిల్లలు బాగానే నడిచారు. వేదిక మీద కూర్చున్న హెడ్మాస్టరూ ఆయన భార్యా మాత్రం ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ఎందుకు పట్టుకున్నామో తెలీక గబుక్కున వదిలేశారు.

అది మామూలు పాటైతే ఇంత గొడవ ఉండేది కాదు. ఎప్పుడో సముద్రం అవతలి నుంచి వచ్చిన రికార్డు. అట్ట మీద జుట్టు భుజాలదాకా పెంచి, చొక్కా బొత్తాలు సగం పెట్టుకోవడం మరచిపోయిన ఓ తెల్లవాడి బొమ్మ. గిటారు మెత్తగా మోగుతుంటే, "దీపం కాస్త తగ్గించు, ఇటు జరుగు, తెల్లారడానికి ఇంకా వేళుంది" అని చెవిలో చెప్పినట్టు పాడతాడు. ఆ గొంతు రేడియోలో రాగానే తల్లులు పిల్లల్ని ఉప్పుకో మిరపకాయలకో తరిమేవారు. తండ్రులు పేపరు తలకిందులుగా పట్టుకుని శ్రద్ధగా చదివేవారు. ఆ ఏడాది ఊళ్ళో జరిగిన పెళ్ళిళ్ళన్నీ ఆ పాట చలవే. మరుసటేడు వచ్చిన పురుళ్ళూ దాని చలవే.

తర్వాత ఆ పాటను ముట్టుకోనివాడు లేడు. టాకొరాడీలో హైలైఫ్ అనే గంతుల పాటల బృందం ఒకటి వేగం పెంచి పాడింది. అందులో దీపం తగ్గించే తీరిక ఎవరికీ లేదు. డిస్కోవాళ్ళు ఉన్న దీపాలన్నీ వెలిగించి పాడారు. ఒక ప్రార్థనా బృందం ప్రియురాలిని తీసేసి ఆ చోట ప్రభువుని పెట్టింది. "ఇటు జరుగు" అన్నదాన్ని ఏం చెయ్యాలో తోచక అక్కడ అందరూ నోరు మూసుకుని "ఊ" కొట్టారు. ఇన్ని చేతులు మారి, ఆఖరికి పాట మాస్టర్ ఎస్సిల్ఫీ చేతిలో పడింది. ఇక బయటపడలేదు.

అరబా ఒటూ ఆ మేళంలో చేరిన రోజున ఇదంతా జనం గిట్టక చెప్పుకునే మాటలనుకుంది. ఆమెది కుట్టుపని. ఊళ్ళో ఎవరి చావుకి ఎవరు ఏ రంగు కట్టాలన్నా ఆమె మిషను మీంచే పోవాలి. బడిలో ఉన్నప్పుడు ట్రాంబోన్ నేర్చుకుంది. ముప్పై ఏళ్ళు దాటాక మళ్ళీ ఊదాలని బుద్ధి పుట్టింది.

మొదటి సాధనలో మాస్టారు టోపీ తీసి "పడవల పండగ" అన్నాడు. వాయించారు. దీపం పాట. మళ్ళీ టోపీ తీసి "పెళ్ళికూతురి అలక" అన్నాడు. కాస్త నెమ్మదిగా, అదే దీపం పాట.

"మాస్టారూ, ఇది ఇందాకటిదే కదండీ" అంది అరబా.

"కాదమ్మా, ఇది వేరే పాట."

అరబా చుట్టూ చూసింది. క్లారినెట్ ఆయన తన బూట్లు చూసుకుంటున్నాడు. డోలు వాయించే ఎకో ఆకాశం చూస్తున్నాడు. పక్కన కూర్చున్న ఘార్టీ బాబాయ్ మాత్రం పెద్ద పొట్టబాకాని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని వెలిగిపోతున్నాడు.

"ఇందాకటిదానికంటే ఇదే మెరుగు" అన్నాడు ఆయన. "నీ పేరేంటమ్మా, ఎఫువా కదూ?"

"అరబా, బాబాయ్."

"అదేలే."

మరుసటి వారం ఆయన ఆమెను ఎసీ అన్నాడు. ఆ పై వారం ఎకువా అన్నాడు. ఏ వారం పుట్టినదానికి ఆ పేరు పెట్టే ఊళ్ళో, ఆయన ఆమెను అన్ని వారాలూ పుట్టించాడు. అరబా అంటే మంగళవారం పిల్ల; ఏదో ఒకరోజు తిరిగి తిరిగి ఆ మంగళవారం దగ్గరికి రాకపోతాడా అని ఊరుకుంది. మేళంలో ఒక పిచ్చాయన ఉన్నప్పుడు ఇద్దరుండడంలో వింతేముంది అనుకుంది.

పోనీ మాస్టారుకి వేరే పాటలు రావా అంటే, అదీ కాదు. ఒకరోజు ఆమె పెందలాడే వస్తే, ఆయన ఒంటరిగా ట్రంపెట్ మీద పాత నావికుల పాటలూ కీర్తనలూ వరసపెట్టి వాయించుకుంటున్నాడు. వింటే కళ్ళు మూతపడేంత బాగున్నాయి. గేటు దగ్గర ఘార్టీ బాబాయ్ దగ్గు వినపడగానే, మాస్టారు దొంగతనం చేస్తూ దొరికినవాడిలా ట్రంపెట్ దింపేశాడు.

"ఇవన్నీ ఎందుకు వాయించరు మాస్టారూ?"

"వాయిస్తూనే ఉన్నాంగా" అన్నాడాయన. అరబాకి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

ఇంతలో అరబా అమ్మమ్మ పోయింది. నిండుగా బతికి, మునిమనవల చేత కాళ్ళు పట్టించుకుని, మధ్యాహ్నం నిద్రలో పోయింది కాబట్టి అకాల చావుకి కట్టే ఎర్రబట్ట అక్కర్లేదు, నలుపూ తెలుపూ చాలన్నారు పెద్దలు. ఆ బట్టలన్నీ అరబాయే కుట్టాలి. కుటుంబమంతా కూర్చున్నప్పుడు మేళం సంగతి వచ్చింది.

"మా మేళం ఉంది కదా మామయ్యా" అంది అరబా.

పెద్దమామయ్య కోబినా కుటుంబానికి పెద్ద. ఆయన చేతికర్ర నేలకి తగిలితే దొడ్లో మేకలు కూడా నెమరు ఆపేవి. "ఎవరు, ఆ ఎస్సిల్ఫీయా? మా స్నేహితుడి సమాధి దగ్గర ఏం వాయించాడో తెలుసా? శవం పక్కన నిలబడి విధవరాలి చెల్లెలు నడుము ఊపింది. పాస్టరుగారి పాదం తాళం వేసింది. నేను చూశాను."

"ఈసారి అలా జరగదు. అమ్మమ్మ పాడుకునే 'అవతలి తీరం' కీర్తన ఒక్కటే వాయిస్తాం. పూచీ నాది."

"నీ పూచీయా?"

"నాదే."

మామయ్య కర్ర నేలకి తాటించాడు. "సరే. నీ మాట మీద ఒప్పుకుంటున్నాను. ఆ దీపం పాట ఒక్క ముక్క వినపడిందో, ఇక ఈ ఇంట్లో పెద్దలు కూర్చున్నచోట నువ్వు నోరెత్తకూడదు."

పెళ్ళి పెటాకులై పుట్టింటికొచ్చిన మనిషికి ఆ కూర్చునే చోటు ఎంత కష్టంగా దొరికిందో అరబాకే తెలుసు. తిన్నగా మాస్టారు దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

"కీర్తన ఒక్కటే మాస్టారూ. పేరు మార్చి ఇదే వాయించడం కాదు. నిజం కీర్తన."

ఆయన టోపీ తీశాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. "వేరే దారి లేదా అమ్మా?"

"ఆ కీర్తన రాదా మీకు?"

"ఎందుకు రాదు."

"మరేంటి?"

"ఏం లేదు. ఘార్టీని రావద్దని చెప్పలేను." ఆయన టోపీలోకి చూస్తూ కూర్చున్నాడు. "సరే. మీ అమ్మమ్మ. నీ మాట. సరే."

ఘార్టీ బాబాయ్‌కీ దీనికీ సంబంధమేమిటో అరబాకి అర్థం కాలేదు. సాధన ఎప్పుడని అడిగితే, ఆ కీర్తన మా వాళ్ళకి నిద్రలో కూడా వచ్చు, సాధన వద్దన్నాడు. అదీ అర్థం కాలేదు.

శనివారం ఊరేగింపు బయల్దేరింది. ముందు శవపేటిక, వెనక నలుపూ తెలుపూ కట్టిన బంధువులు, వాళ్ళ వెనక మేళం. మాస్టారు టోపీ తీశాడు గానీ పేరేదీ ప్రకటించలేదు. మొదటిసారి. ట్రంపెట్ ఎత్తాడు. "అవతలి తీరం" మొదలైంది.

అది ఎంత బాగుందంటే, వీధిలో గారెలు వేయించే ఆమె చట్టి దింపి నిలబడింది. మామయ్య కోబినా వెనక్కి తిరిగి అరబాని చూసి తల ఊపాడు. అరబాకి గుండె నిండింది. అప్పుడే పక్కన ఏదో లోటుగా తోచి తల తిప్పింది. ఘార్టీ బాబాయ్ బాకా పెదాలకి ఆనించుకున్నాడు. వేళ్ళు మీటల మీద వెతుకుతున్నాయి. బుగ్గలు ఉబ్బుతున్నాయి, దిగిపోతున్నాయి. శబ్దం మాత్రం రావడం లేదు. మెడ మీద చెమట పట్టింది.

శ్మశానం గేటు దగ్గర పాస్టరుగారు ప్రార్థనకి ఆగారు. ఘార్టీ బాబాయ్ ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"ఏమ్మా ఎఫువా, ఇదేం పాట? నాకు చెప్పలేదే." "నన్ను తీసేశారా?"

"లేదు బాబాయ్" అని అరబా వెనక్కి జరిగి ఎకో పక్కకి చేరింది. "ఏంటిది? ఏమైంది ఈయనకి?"

ఎకో డోలు మీద చెయ్యి పరిచి, పెదవి కదపకుండా చెప్పాడు. "రెండేళ్ళ కిందట తలలో నరం చిట్లింది. బతికాడు గానీ ఇంటి దారి పోయింది, మనుషుల పేర్లు పోయాయి, పాటలన్నీ పోయాయి. మాస్టారు ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని వచ్చిన పాటలన్నీ వాయించాడు. ఉలుకూ పలుకూ లేదు. ఆఖరికి ఈ దీపం పాట వాయిస్తే దుప్పటి మీద వేళ్ళు కదిలాయి. అదొక్కటే మిగిలింది."

"అయితే మరి ఆ పేర్లు?"

"పాటలు పోయాయని ఆయనకి తెలీదు. అన్నీ వాయిస్తున్నాననే అనుకుంటాడు. తెలిస్తే బాకా కింద పెట్టేస్తాడు, ఇక లేవడు. అందుకని మాస్టారు ప్రతిసారీ కొత్త పేరు చెబుతాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు జాలిగా చూస్తావు. ఆ చూపు ఆయన కనిపెట్టేస్తాడు. ఇదిగో, ఇప్పుడు చూస్తున్నావే, అలా."

అరబా చూపు తిప్పుకుంది. రెండేళ్ళుగా ఊరు ఊరంతా నవ్వుతుంటే, పిచ్చివాడనిపించుకుంటూ టోపీ తీసి పేర్లు కట్టిన మనిషి ముందు నిలబడి ఉన్నాడు. ఈవేళ తన మాట కోసం, ఆ స్నేహితుడి ముఖం చూడలేక అటు తిరిగి నిలబడ్డాడు. అరబాకి తన మీద తనకే కోపం వచ్చింది.

పేటిక తాళ్ళ మీదికి ఎక్కింది. గొయ్యి చుట్టూ అందరూ నిలబడ్డారు. మామయ్య చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించాడు. మాస్టారు కీర్తన మళ్ళీ ఎత్తుకోవడానికి ట్రంపెట్ పైకి లేపుతున్నాడు. అంతకంటే ముందే అరబా ట్రాంబోన్ గొట్టం ముందుకి జరిగింది.

దీపం కాస్త తగ్గించు. మూడే స్వరాలు, చాలా నెమ్మదిగా.

మాస్టారు గిరుక్కున తిరిగాడు. అరబా పక్కన పొట్టబాకా ఒక్కసారి గుర్రుమని, సర్దుకుని, లోతుగా, నిండుగా కిందనుంచి లేచింది. ఘార్టీ బాబాయ్ కళ్ళు మూసుకుని ఊదుతున్నాడు. ఇంటి దారి దొరికినవాడిలా ఉన్నాడు. మాస్టారు ట్రంపెట్ కలిపాడు. క్లారినెట్ కలిసింది. ఎకో డోలు మీద అరచేత్తో మెల్లగా తట్టాడు. తెల్లారడానికి ఇంకా వేళుంది, వేళుంది అంటూ పాట సాగుతుంటే పేటిక కిందికి దిగింది. అమ్మమ్మ ఈడు ముసలమ్మలు ఒకరి భుజం ఒకరు పట్టుకుని అటూ ఇటూ ఊగారు. వాళ్ళు ఏడుస్తున్నారో, ఏదైనా గుర్తు చేసుకుంటున్నారో చెప్పడం కష్టం.

పాట ముగిసింది. మామయ్య కోబినా కర్ర ఆనించుకుంటూ తిన్నగా అరబా దగ్గరికి వచ్చాడు.

"ఇది ఆ..." అన్నాడు.

అరబా ట్రాంబోన్ దించింది. ఆయనని జాలిగా చూసింది. "కాదు మామయ్యా, ఇది వేరే పాట."

మాస్టారు టోపీ చటుక్కున తీశాడు. "'అమ్మమ్మ పడవ'" అని గట్టిగా ప్రకటించాడు.

మామయ్య అయోమయంగా మాస్టారుని చూశాడు, అరబాని చూశాడు, బాకా మూతి గుడ్డతో తుడుచుకుంటున్న ఘార్టీని చూశాడు. ఘార్టీ ఆయనకి బడిలో పక్క బెంచీ వాడు. ఇద్దరి చూపులూ కలిశాయి.

"బాగుందా కోబినా? ఇందాకటిదానికంటే ఇదే మెరుగు" అన్నాడు ఘార్టీ. రెండేళ్ళుగా ఎదురుపడ్డప్పుడల్లా వేరే పేరుతో పిలిచిన మనిషి నోట తన పేరు విని మామయ్య కర్ర మీద పట్టు బిగించాడు.

"మెరుగే" అన్నాడు ఆఖరికి. తర్వాత అరబా వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు. "రేపు చర్చిలో కృతజ్ఞత కూటానికి కూడా ఇదే వాయించండి. నా చావుకీ ఇదే. పెద్దలు కూర్చున్నచోట చెప్పి ఉంచుతాను, నువ్వూ వచ్చి పక్కన కూర్చో." రెండడుగులు వేసి ఆగాడు. "ఆ దీపం పాట మాత్రం వద్దు. ముందే చెబుతున్నాను."

"ఛ, అదెందుకు వాయిస్తాం మామయ్యా" అంది అరబా.

ఘార్టీ బాబాయ్ బాకా చంకన పెట్టుకుని ఆమె పక్కకి చేరాడు. "దీపం పాటా? అదేం పాటమ్మా ఎసీ? నేనెప్పుడూ వినలేదే."

"వాయిద్దాంలే బాబాయ్" అంది ఎసీ.