కట్టెబొగ్గు

తెలంగాణ రాకముందు ముచ్చట. గోదావరిఖని బస్టాండుల వాన పడుతుంటే, ఓ అవ్వ చిన్న ఇనుప కుంపటి మీద మక్కకంకులు కాలుస్తుండె. కట్టెబొగ్గు తడిసి సరిగ్గ రాజుకుంటలేదు. కంకుల కోసం నలుగురైదుగురం నిలబడ్డం. నా సంచిల గని నుంచి ఇంటికి తీసుకపోతున్న బొగ్గు ఉండె. అవ్వ అటు తిరిగి కంకులు ఒలుస్తుంటే, అడగకుండనే రెండు గడ్డలు కుంపట్ల వేసిన. గనిల పనిచేసెటోన్ని, బొగ్గు సంగతి నాకు ఒకలు చెప్పాల్నా అనుకున్న.

కాసేపటికి నల్లటి పొగ లేచింది. కంకులన్నీ తారు కంపు కొట్టినయి. నిలబడ్డోళ్లు ముక్కు మూసుకొని పోయిన్రు.

అవ్వ తిట్టలే. "మీ బొగ్గు కరెంటుకు పనికొస్తది బిడ్డ, కంకికి పనికిరాదు" అన్నది. తన కోసం ముందే కాల్చి పక్కకు పెట్టుకున్న కంకి నా చేతుల పెట్టింది.

నా బస్సొచ్చింది. ఎక్కి కిటికీలకెల్లి చూస్తే, అవ్వ నిప్పంతా వాననీళ్లల్ల గుమ్మరిస్తున్నది. నేను ఆ కంకి తినుకుంట కూసున్న. దిగలే.

ఇప్పుడు మా ఇంట్ల అసొంటి కుంపటే ఉంది. దానికి కట్టెబొగ్గు కొనుక్కొస్త. గనిల పనిచేసుకుంట బొగ్గు కొంటవా అని క్వార్టర్లోళ్లు నవ్వుతరు. నేనూ నవ్వుత.