సిలిండర్ ఆనే చోటు

“...మా ఆయనకీ ఇదే ఎముక విరిగింది, మెడకి గుడ్డ కట్టుకుని తిరిగాడు, అతుక్కోలేదూ?” అంది అక్క.

“అన్నయ్యగారు సినిమాహాల్లో టికెట్లు చింపుతారు వదినా. ఆయనకి ఎముక అతికిన చోట లేచిన బుడిపె మీద చొక్కా తప్ప ఇంకేం ఆనుతుంది?” అంది భార్య.

“నీ నోటికి నేను చాలనే తల్లీ. వాణ్ణి ఆపరేషన్ బల్ల ఎక్కించేదాకా నీకు ముద్ద దిగేలా లేదు.”

ఎముకల డాక్టరు గది బయట, బెంచీ మీద ఇద్దరి మధ్యా కూర్చున్నాడతను. కుడిచెయ్యి గుడ్డపట్టీలో మెడకి వేలాడుతోంది. గ్యాస్ ఏజెన్సీలో అతన్ని ‘నాలుగో అంతస్తు’ అంటారు. లిఫ్టు లేని ఇళ్లన్నీ అతని వంతే. నిండు సిలిండర్ కుడి భుజాన, ఎడమ చెయ్యి మెట్ల కమ్మీ మీద. పంతొమ్మిదేళ్లుగా అంతే. చొక్కాలన్నీ ముందు కుడి భుజం దగ్గరే చిరుగుతాయి. పెళ్లి ఫొటోలో నిటారుగా ఉన్నాడు. కూతురి స్కూల్లో దిగిన ఫొటోలో కుడివైపు ఒరిగాడు. “నిన్నెవరు తోశారు నాన్నా?” అనడిగింది కూతురు.

మొన్న మంగళవారం మూడో అంతస్తు మలుపులో తడిమెట్టు మీద కాలు జారింది. సిలిండర్ వదిలేస్తే తనకేమీ అయ్యేది కాదు. కింద ఒక ముసలావిడ కూరల సంచితో ఎక్కి వస్తోంది. వదల్లేదు. భుజమూ సిలిండరూ కలిసే గోడకి గుద్దుకున్నాయి.

పిలుపు రాగానే ముగ్గురూ లోపలికెళ్లారు. డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకి ఎత్తి చూపించింది. కాలర్‌బోన్ రెండు ముక్కలై ఒకదాని మీదికి ఒకటి ఎక్కింది.

“కట్టుతో చాలామందికి అతుక్కుంటుంది. మీ ఎముక బాగా పక్కకి జరిగింది కాబట్టి అతుక్కోకపోయే ప్రమాదం కొంత ఎక్కువ. బుడిపె ఎలాగూ మిగులుతుంది. కోసి స్టీలు ప్లేటు వేస్తే అతుక్కునే అవకాశం ఎక్కువ, చెయ్యి కొన్ని వారాల ముందే వాడకంలోకొస్తుంది. కానీ చీము పట్టే భయముంది. ప్లేటు ఇబ్బంది పెడితే మళ్లీ కోసి తియ్యాలి. ఏడాది తిరిగేసరికి మామూలు పనులకి రెండూ ఇంచుమించు ఒకటే.”

“మామూలు పనులకి,” అన్నాడతను.

ఎడమచేతి వేలితో కుడి భుజం ముందు, చర్మం కాయకాసిన చోటు చూపించాడు. “సిలిండర్ అంచు ఇక్కడ ఆనుతుంది డాక్టరమ్మా. ప్లేటెక్కడొస్తుంది?”

ఆమె ఎక్స్‌రే మీద వేలు పెట్టింది. “అక్కడే.”

“బుడిపె?”

“అదీ అక్కడే. రెండిట్లో దేనిమీదా ముప్ఫై కిలోలు మొయ్యమని నేను చెప్పలేను.”

“విన్నావా? ఎలాగూ మొయ్యలేనప్పుడు కొయ్యడం దేనికి?” అంది అక్క.

“దేంతో అయితే ఈ చెయ్యి ముందుగా కమ్మీ పట్టుకోగలదు?” అనడిగాడతను.

“ప్లేటుతో.”

అతను ఎడమ భుజాన్ని ఒకసారి పైకీ కిందికీ కదిపి చూసుకున్నాడు.

“అయితే కోసెయ్యండి. సిలిండర్ ఎడమకి మార్చుకుంటా.”