మొదటి మడి

ఎదురింటి అన్నయ్యగారు పోయిన నెలలో ఒక ఉదయం కన్నుమూశారు. కబురు వినగానే నాకు ఏడుపు రాలేదు, "నా మాట ఇంకా పూర్తికాలేదండీ!" అనబోయాను. తెనాలిలో మా ఇళ్ళ మధ్య ఉన్నది ఒక సన్నటి వీధి. ఆయన అరుగు మీద పేపరు విప్పితే చాలు, అది సభాస్థలి అయ్యేది.

కనీస వేతనం పెంచాలా వద్దా అన్న చర్చ వేడెక్కిన రోజుల్లో రేపల్లెలో ఒక సభకు ఇద్దరినీ పిలిచారు. పెంచాలని నేను, కూడదని ఆయన. రైలెక్కగానే మొదలైంది.

"కాయితం మీద కూలి పెంచుతారు సరే, ధాన్యం ధర ఎవరు పెంచుతారమ్మా?"

"ధర పెరిగిన ఏడు మీరంతా కూలి పెంచారా అన్నయ్యగారూ?"

పెట్టె పెట్టంతా రెండు పక్షాలయింది. వేమూరు దగ్గర ఆయన చేలో నాట్లు వేసే ఆడవాళ్ళ ముఠాను నడిపే మేస్త్రమ్మ కూడా అందులోనే ఉంది. "మీ ఇద్దరూ తేల్చేలోపు నారు ముదిరిపోద్ది బాబాయిగారో!" అంది. ఒకటే నవ్వులు.

ఆ నవ్వు వెనక ఆమె దిగులుంది. మా వైపు మొదట నాటు పడిన చేలో ఎంత ఇస్తే, ఆ ఏడు ఊరందరిదీ అదే కూలి. అందుకే నారు ఎదిగినా రైతులు ఒకరి వంక ఒకరు చూస్తూ కూర్చుంటారు. ఆ ఏడూ కూర్చున్నారు. ముఠాకు పని లేదు.

సభలో చప్పట్లు ఆయనకే ఎక్కువ పడ్డాయి. మర్నాడు ఉదయమే ఆయన ముఠాను తన చేలోకి దింపారు, మేస్త్రమ్మ అడిగిన కూలికే! తెలియగానే ఒక్క అంగలో వీధి దాటాను.

"నిన్న వద్దన్నారు గదండీ?"

"సర్కారు ఇప్పించొద్దన్నాను. నేనివ్వనన్నానా ఏంటి?"

"అందరూ మీలా ఉండరు గనకే చట్టం కావాలన్నాను."

ఆయన పేపరు దించి పకపకా నవ్వారు. "ఈ మాట నిన్న సభలో అనాల్సిందమ్మా!"

ఆ తరవాత ప్రతి ఏడూ మొదటి నాటు ఆయన చేలోనే పడింది. మా వాదం మాత్రం తెగలేదు. ఒంటరిగా బతికే స్త్రీకి సలహాలు చెప్పినవారు ఎందరో. సరిసమానంగా నిలబడి వాదించిన వారు ఆయనొక్కరే.

ఈ ఏడు కాలవకు నీళ్ళొచ్చాయి. నారు ఎదిగింది. ఊరు మళ్ళీ దిక్కులు చూసింది. ఆయన చేను పక్కనే నాకూ ఒక ఎకరం ఉంది, ఏటా ఆయన తరవాతే నాటించేదాన్ని.

"ఈసారి ముందు ఎవరి మడండీ?" అంది మేస్త్రమ్మ.

"నాదే. నువ్వడిగిన కూలే. దిగండి."

గట్టు మీద నిలబడి చూశాను. నా మడిలో పచ్చటి వరసలు లేస్తున్నాయి. గట్టుకు అవతల, ఇంటివాళ్ళు దమ్ము చేయించిన ఆయన చేను నిండుగా నీళ్ళతో, జవాబు సిద్ధం చేసుకుంటున్నట్టు తళతళలాడుతోంది.